బోర్డు తుడవకముందే ఫొటో తీసుకోండి: నా టీచింగ్ పోర్ట్‌ఫోలియో అనుభవం

టీచర్ ట్రైనింగ్‌లో చేరిన మొదటి వారంలోనే, జూన్ 10న, మా చేతికి ఒక కాగితం ఇచ్చారు. నవంబర్ 28లోగా ప్రతి ఒక్కరూ సొంత పోర్ట్‌ఫోలియో, అంటే తమ బోధనకు ఆధారాలు కూర్చిన ఫైలు, ఇవ్వాలి, తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలకు కూడా అదే పనికొస్తుంది అని అందులో ఉంది. ఐదున్నర నెలల టైముంది కదా అనుకున్నాను. ఆ సాయంత్రమే ఒక మంచి ఫైలు తెచ్చి, నా సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి వరసగా సర్దాను. డిగ్రీ మార్కుల జాబితాలు, వర్క్‌షాపుల్లో ఇచ్చిన పత్రాలు, కాలేజీ రోజుల్లో వక్తృత్వ పోటీలో వచ్చిన బహుమతి పత్రం. సగం పని అయిపోయిందన్న తృప్తితో పడుకున్నాను.

చివరికి నేను సమర్పించిన పోర్ట్‌ఫోలియోలో వాటిలో మిగిలింది ఒక్క పేజీ.

ఆగస్టు 4న టీచింగ్ ప్రాక్టీస్ మొదలైంది. పది వారాలు, ఒకే బడి, ఒకే తరగతి, 34 మంది పిల్లలు, సబ్జెక్టు లెక్కలు. మొదటి నెల నాకు ఊపిరాడలేదు. రాత్రి పదకొండు దాకా లెసన్ ప్లాన్లు, పొద్దున్నే చార్టులు. ఈ నెల రోజుల్లో కొన్ని క్లాసులు చాలా బాగా జరిగాయి. ఒకరోజు కోణాల పాఠంలో పిల్లలే బోర్డు మీదకు వచ్చి గీసి, ఒకరి తప్పు ఒకరు సరిచేసుకున్నారు. బోర్డు నిండా వాళ్ల గీతలే. గంట కొట్టగానే తర్వాతి టీచర్ వచ్చేస్తారన్న కంగారులో డస్టర్ తీసుకుని మొత్తం తుడిచేశాను. ఆ క్లాసుకు ఇప్పుడు నా దగ్గర ఆధారం ఏమీ లేదు. లెసన్ ప్లాన్ ఉంది, కానీ అందులో ఉన్నది జరగాల్సింది. జరిగింది దానికన్నా ఎంతో బాగుంది. తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దామని కూర్చుంటే నాలుగు పొడి వాక్యాలు వచ్చాయి. పోర్ట్‌ఫోలియో పనిలో నేను ఎక్కువ బాధపడింది దీని గురించే. పేజీ బాగా లేకపోతే మళ్లీ రాసుకోవచ్చు. జరిగిపోయిన క్లాసును మళ్లీ జరిపించలేం.

సెప్టెంబర్ 3న సూపర్‌వైజర్ మేడమ్ అందరి ఫైళ్లూ మొదటిసారి చూశారు. నాది మధ్యాహ్నం మూడింటికి. అప్పటికి 60 పేజీలున్నాయి. ఆవిడ ఒక్కో పేజీ తిప్పుతూ మౌనంగా చూశారు. తర్వాత ఫైలు మూసి, ‘‘మీరు చదువుకున్నది ఉంది, మీరు పాఠం చెప్పింది ఉంది. పిల్లలకు వచ్చిందేదమ్మా?’’ అని అడిగారు. గొంతులో కోపం లేదు, నిజంగానే వెతుకుతున్నట్టు అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత నా లెసన్ ప్లాన్ ఒకటి తీసి, మొదటి లక్ష్యం కింద గీత గీశారు. ‘‘విద్యార్థులు కోణాల రకాలను అర్థం చేసుకుంటారు’’ అని రాశాను. అర్థం చేసుకున్నారని నీకెలా తెలుస్తుంది, వాళ్లేం చేసి చూపిస్తారు అని అడిగారు. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ప్రకటించిన బోధనా లక్ష్యాల వర్గీకరణ, 2001లో దాన్ని సవరించి గుర్తు తెచ్చుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృష్టించడం అని ఆరు మెట్లుగా పెట్టడం, ఇవన్నీ పరీక్షకు బట్టీ పట్టినవే. నా సొంత ప్లాన్‌లో మాత్రం అన్ని లక్ష్యాలూ ‘అర్థం చేసుకుంటారు’ దగ్గరే ఆగిపోయాయి. ఆ రాత్రి రాబోయే పాఠాల లక్ష్యాలన్నీ తిరగరాశాను. ‘వేరు వేరు హారాలున్న రెండు భిన్నాలను కూడి, జవాబు ఎందుకు సరైనదో బొమ్మ గీసి చూపిస్తారు’ అన్నట్టుగా. ఇలా రాస్తే పిల్లల దగ్గర ఏ ఆధారం తీసుకోవాలో దానంతట అదే తెలిసిపోతుంది.

మేడమ్ చెప్పిన రెండో విషయం నన్ను ఇంకా భయపెట్టింది. పిల్లల రాత, ఫొటో, గొంతు, ఏది పెట్టాలన్నా తల్లిదండ్రుల సంతకం ఉన్న అనుమతి పత్రం ఉండాలి. బడి అనుమతి ఒక్కటే చాలదు. సెప్టెంబర్ 4న 34 పత్రాలు పంచాను. రెండు రోజుల్లో వచ్చేస్తాయనుకున్నాను. మొదటి వారంలో వచ్చినవి 12. కొన్ని సంచుల అడుగున నలిగిపోయి దొరికాయి, కొన్నింటికి రెండోసారి, మూడోసారి కాపీ ఇచ్చాను. 19 రోజులు పట్టింది. సెప్టెంబర్ 23 నాటికి 30 వచ్చాయి. వాటిలో 3 వద్దని వచ్చినవి. నాలుగు రానేలేదు. వద్దన్నవాళ్లనూ, ఇవ్వనివాళ్లనూ ఒకేలా లెక్కవేసి ఆ ఏడుగురి పనినీ పక్కన పెట్టేశాను.

నా పత్రంలో ఒక లోపం ఉండేది. ‘అనుమతిస్తున్నాను’ అని ఒకటే గడి పెట్టాను. ఒక తల్లి దాని పక్కనే పెన్నుతో ‘రాత పెట్టుకోండి, ముఖం వద్దు’ అని రాసి పంపారు. ఎంత సబబైన మాట! చేతిరాతకు ఒక గడి, ఫొటోకు ఒకటి, వీడియోకు ఒకటి విడివిడిగా పెట్టి, ఎవరు చూస్తారు, ఎప్పటి వరకు దాచుకుంటాం అన్నది కూడా మొదటే రాస్తే సరిపోయేది. రెండో కాపీలు ఇచ్చేటప్పుడు అలా మార్చాను. ఫిబ్రవరి 28 తర్వాత అన్నీ తీసేస్తానని అందులో రాసి సంతకం పెట్టాను.

ఈ ఎదురుచూపుల మధ్యే భిన్నాల కూడిక పాఠం వచ్చింది. సెప్టెంబర్ 9న పాఠానికి ముందు చిన్న స్లిప్ టెస్ట్ పెట్టాను. అనుమతులు ఇంకా రాలేదు కాబట్టి ఫొటోలు తీయలేదు. హెడ్మాస్టర్ గారిని అడిగి స్లిప్పులు స్టాఫ్ రూమ్ బీరువాలోనే ఉంచాను. 34 మందిలో 9 మంది సరిగ్గా చేశారు. ఎక్కువమంది రాసింది ఇదీ: 1/3 + 1/4 = 2/7. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేశారు.

మర్నాడు 12 గళ్ల కాగితం పట్టీలు ఇచ్చాను. మూడో వంతుకు నాలుగు గళ్లు ఒక రంగు, నాలుగో వంతుకు మూడు గళ్లు ఇంకో రంగు. మొత్తం ఏడు గళ్లు, అంటే 7/12. అందరూ వేస్తున్నారు, నేను బల్లల మధ్య తిరుగుతున్నాను. మూడో వరసలో ఒక పాప రంగు వేయడం ఆపి, తన పాత జవాబు వైపూ పట్టీ వైపూ మార్చి మార్చి చూస్తోంది. ఏమైందమ్మా అంటే, ‘‘టీచర్, నాకూ ఏడే వచ్చింది కదా. కాకపోతే కింద వచ్చింది’’ అంది.

నాకు ఆ క్షణంలో ఏం చెప్పాలో తోచలేదు. నిజమే. తన తప్పు జవాబులో ఏడు హారంలో ఉంది, సరైన జవాబులో లవంలో ఉంది. ఆ పాప దృష్టిలో తను దాదాపు సరిగ్గానే చేసింది, ఏడును పెట్టే చోటు మాత్రం మారింది. ‘‘2/7 అంత పట్టీ మడిచి చూడు, మూడో వంతు కన్నా పెద్దదా చిన్నదా?’’ అని అప్పుడు అడగాల్సింది. రెండు కలిపాక వచ్చింది, కలిపిన వాటిలో ఒకదాని కన్నా చిన్నదెలా అవుతుంది? ఆ ప్రశ్న నాకు ఇంటికి వెళ్లే దారిలో తట్టింది. మర్నాడు అడిగాను. పాప తనే నవ్వి ‘‘తగ్గిపోయింది టీచర్’’ అంది.

ఆ రాత్రి నోట్‌బుక్ తీసి తేదీ వేసి పాప అన్న మాట యథాతథంగా రాసుకున్నాను. తర్వాత ఇంకో లెక్క చేసి చూశాను. 1/2, 1/3 తీసుకున్నా సరైన జవాబు 5/6, తప్పు జవాబు 2/5. మళ్లీ ఐదే, ఒకసారి పైన, ఒకసారి కింద. లవం ఒకటిగా ఉన్న భిన్నాలు ఏవి తీసుకున్నా, హారాలను గుణించి చేస్తే ఇదే జరుగుతుంది. అంటే నేను ఎంచుకున్న ఉదాహరణే పిల్లల పొరపాటును దాచిపెడుతోంది. 2/3, 1/4 తీసుకుని ఉంటే సరైనది 11/12, తప్పుది 3/7, రెంటికీ పోలికే ఉండదు. తర్వాతిసారి ఈ పాఠం చెబితే అదే ఉదాహరణతో మొదలుపెడతానని రాశాను. పోర్ట్‌ఫోలియోలో ఇప్పుడు ఇది ఒక పూర్తి పేజీ. పైన పాప స్లిప్పు, పక్కన పట్టీ ఫొటో, కింద ఈ ఆరేడు వాక్యాలు. అదృష్టం కొద్దీ ఆ ఇంటి నుంచి అనుమతి వచ్చింది.

సెప్టెంబర్ 16న మళ్లీ అలాంటి స్లిప్ టెస్టే పెడితే 23 మంది సరిగ్గా చేశారు.

వీడియో సంగతి. పాఠం చెబుతున్న వీడియో 10 నిమిషాలది ఒకటి ఉండాలన్నారు. సెప్టెంబర్ 26న మొదటి ప్రయత్నం. అనుమతి లేని ఏడుగురినీ కెమెరాకు అందని వైపు కూర్చోబెట్టాను. వాళ్లను వేరు చేసినట్టు అనిపించకుండా క్లాసంతటి స్థలాలనూ మార్చాను. ఫోన్ వెనక గోడ దగ్గర పెట్టి పాఠం మొదలుపెట్టాను. క్లాసు అయ్యాక చూస్తే 11వ నిమిషంలో మెమరీ నిండి ఆగిపోయింది. ఉన్నంతలో కూడా ఫ్యాన్ చప్పుడే, నా గొంతు ఎక్కడో దూరంగా. సెప్టెంబర్ 30న రెండోసారి ఫోన్ ఖాళీ చేసుకుని, ఇంకో ఫోన్ జేబులో పెట్టుకుని ఆడియో విడిగా రికార్డ్ చేశాను. క్లాసు మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే తర్వాత రెండింటినీ కలపడం సులువని ఒక స్నేహితురాలు చెప్పింది. బాగా పనిచేసింది.

తీయడం కన్నా చూడటం కష్టమైంది. మూడు రోజులు ఆ ఫైలు తెరవలేకపోయాను. తెరిచాక నా చీర, నా గొంతు, నా నడక తప్ప ఇంకేమీ కనిపించలేదు. రెండోసారి చూసేటప్పుడు పేపర్, పెన్ను పెట్టుకుని ఒకే ఒక్క సంగతి లెక్కపెట్టాను: ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నాను? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయని చెప్పారు. నేను అడిగినవి 17 ప్రశ్నలు. మూడు సెకన్లు ఆగింది రెండు చోట్లే. మిగతా చోట్ల నేనే జవాబు చెప్పాను, లేకపోతే చెయ్యెత్తిన మొదటి పిల్లవాడిని లేపాను. నెమ్మదిగా ఆలోచించే పిల్లలకు నేను రోజూ తలుపు వేసేస్తున్నానని తెలిసి కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ లెక్క ఉన్న కాగితాన్నే స్కాన్ చేసి వీడియో లింకు పక్కన పెట్టాను. మిగిలిన వారం రోజులూ ప్రశ్న అడిగి మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకున్నాను. మొదట్లో ఆ నిశ్శబ్దం చాలా పొడవుగా అనిపిస్తుంది. చివరి రోజులకు వెనక బెంచీల నుంచి చేతులు లేవడం మొదలైంది.

అక్టోబర్ 10తో ప్రాక్టీస్ అయిపోయింది. నా క్లాసులు చూసిన గైడ్ టీచర్ రాసిన అబ్జర్వేషన్ నోట్సు మీద సంతకాలు అప్పటికి తీసుకోలేదు. ఆయన సెలవులో వెళ్లారు. 12 రోజులు ఆగాను. క్లాసు చూసిన రోజే సంతకం పెట్టించుకుని ఉంటే ఆ 12 రోజుల టెన్షన్ ఉండేది కాదు. సిఫారసు లేఖ అడిగేటప్పుడు మాత్రం ఒక పని సరిగ్గా చేశాను. ఊరికే ‘లేఖ ఇవ్వండి సార్’ అనకుండా, ఆయన చూసిన మూడు క్లాసుల తేదీలు, ఆ రోజు ఆయన చెప్పిన సలహాలు, నేను మార్చుకున్నవి ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆయన లేఖలో ఆ వివరాలు వచ్చాయి. ‘క్రమశిక్షణ గల అభ్యర్థి’ లాంటి మాటల కన్నా అవే బరువుగా నిలబడ్డాయి.

బోధన మీద నా దృక్పథం అని ఒక వ్యాసం రాయాలి. ఐదుసార్లు రాశాను. మొదటిది నాలుగు పేజీలు, నిండా పెద్దల సూక్తులు. మేడమ్ చదివి, ఇది ఎవరైనా రాయొచ్చు కదా అన్నారు. ఐదోది ఒకటిన్నర పేజీ. పిల్లల తప్పు వెనక ఒక లెక్క ఉంటుంది, ముందు దాన్ని వినాలి అని నేను నమ్ముతాను, దానికి ఆధారం ఫలానా పేజీలో ఉంది అని పేజీ నంబరు వేశాను. అప్పటికి గానీ ఆ వాక్యం రాసే హక్కు నాకు రాలేదనిపించింది. అందుకే ఇది మొదటి నెలలో రాయడానికి కూర్చోకండి.

నవంబర్ మొదటి వారానికి 94 పేజీలయ్యాయి. మేడమ్ 35 దాటకూడదన్నారు. ఒక్కో కాగితం తీసి మూడు ప్రశ్నలు వేసుకున్నాను: ఇదేమిటి, దీన్నిబట్టి పిల్లలకు ఏం వచ్చిందని తెలుస్తోంది, మళ్లీ చేస్తే ఏం మారుస్తాను? మూడింటికీ రెండేసి వాక్యాల్లో జవాబు రాయలేనిది పక్కన పెట్టాను. రాత్రంతా కూర్చుని వేసిన రంగుల చార్టుల ఫొటోలు అలాగే పోయాయి. చాలా కష్టంగా అనిపించింది. 31 పేజీలు మిగిలాయి.

పిల్లల పేర్లు తీసేయడంలో మూడుసార్లు పొరబడ్డాను, ఇవి జాగ్రత్త. మార్కుల పట్టికలో పేర్ల మీద నల్ల గడి పెట్టి పీడీఎఫ్ చేశాను. స్నేహితురాలు ఆ గడి మీద సెలెక్ట్ చేసి, కాపీ చేసి, ఇంకోచోట పేస్ట్ చేస్తే పేర్లన్నీ వచ్చేశాయి. పేర్లు పట్టికలోంచే చెరిపేసి, ఆ తర్వాత పీడీఎఫ్ చేయాలి. రెండోది, స్లిప్పు స్కాన్ చేస్తే వెనక వైపు రాసిన పేరు పలుచని కాగితంలోంచి కనిపించింది. వెనక నల్ల కాగితం పెట్టి మళ్లీ స్కాన్ చేశాను. మూడోది నాకు అసలు తట్టలేదు. పేజీలో పేరు లేదు, కానీ ఫొటో ఫైలుకు నేనే పాప పేరు పెట్టాను.

నవంబర్ 26న రంగు ప్రింట్ తీయిస్తే స్లిప్పుల మీద పెన్సిల్ రాత కనిపించలేదు. ఆ పేజీలన్నీ ముదురు చేసి రెండోసారి తీయించాను, ఖర్చు రెండింతలైంది. 28న ఇచ్చేశాను. 11 రోజులకు, డిసెంబర్ 9న, ఒకే ఒక్క వ్యాఖ్యతో తిరిగొచ్చింది: వీడియో లింకు తెరుచుకోవడం లేదు. నా ఫోన్‌లో తెరుచుకుంటోంది, ఎందుకంటే ఆ అకౌంట్ నాదే. షేరింగ్ సెట్టింగ్ మార్చి, ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూసుకుని మళ్లీ ఇచ్చాను. డిసెంబర్ 15న ఓకే అయింది.

జనవరి 20న ఇంటర్వ్యూ. ముగ్గురున్నారు. పోర్ట్‌ఫోలియో చూసింది ఆరేడు నిమిషాలు, అంతే. సర్టిఫికెట్ల పేజీ ఆగకుండా తిప్పేశారు. సబ్జెక్టు మేడమ్ మాత్రం ఆ ఏడు ఉన్న పేజీ దగ్గర ఆగి, 1/2, 1/3 తీసుకుంటే సరిపోయేది కదా అని అడిగారు. ఆ లెక్క నేను అప్పుడే చేసి పెట్టుకున్నాను కాబట్టి కాగితం మీద చేసి చూపించాను. ఆవిడ తనే ఇంకో జత తీసుకుని చేసుకుని చూసి తల ఊపారు. తర్వాత, ‘‘23 మందికి వచ్చింది. మిగతా 11 మంది సంగతేంటి?’’ అన్నారు. వాళ్లలో ఆరుగురు ఇంకా హారాలనే కూడుతున్నారు, ఐదుగురు క.సా.గు. 12 అని సరిగ్గా తెచ్చారు కానీ లవాలు మార్చకుండా 2/12 రాశారు, ఈ రెండూ వేరు వేరు తప్పులు, వాళ్లకు వేరు వేరుగా చెప్పాలి అన్నాను. చెప్పారా అని అడిగారు. ఆ ఐదుగురికి ఒక మధ్యాహ్నం చెప్పగలిగాను, ఆరుగురికి చెప్పేలోపు యూనిట్ మారిపోయింది, చెప్పలేకపోయాను అని ఉన్నదున్నట్టు చెప్పాను. గది కాసేపు నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ ఏదో రాసుకున్నారు.

16 రోజుల తర్వాత, ఫిబ్రవరి 5న, ఎంపికైనట్టు కబురొచ్చింది.

నిన్న ఫిబ్రవరి 28. పత్రంలో రాసిన మాట ప్రకారం ఫోన్‌లోంచి, కంప్యూటర్‌లోంచి, డ్రైవ్‌లోంచి పిల్లల ఫొటోలు, వీడియో, స్కాన్లు అన్నీ తీసేశాను. 212 ఫైళ్లు. ట్రాష్‌లో కూడా ఖాళీ చేయాలని గుర్తుంచుకోండి. స్లిప్పులు కవర్లో పెట్టి బడిలో తిరిగి ఇచ్చేశాను. పోర్ట్‌ఫోలియోలో ఆ పేజీలు ఉన్నచోట నా రాత మాత్రం ఉంది, పైన ఖాళీ. ఆ ఖాళీలో 12 గళ్ల పట్టీ ఒకటి నేనే గీసి, నాలుగు గళ్లకు ఒక రంగు, మూడు గళ్లకు ఇంకో రంగు వేశాను. అనుమతి పత్రం కొత్త నమూనా, మూడు గళ్లు విడివిడిగా ఉన్నది, ప్రింట్ తీసి సంచిలో పెట్టుకున్నాను. కొత్త బడిలో మొదటి రోజే పంచాలి.